వెనుక సీటు అదనపు బాధ్యతలు

మా జిల్లాలో ఉపాధ్యాయులు సంతోషంగా లేరన్న సంగతి పై అధికారులకు ఈ ఏడాదే తెలిసింది. తెలిసిన వెంటనే సంతోషాన్ని తప్పనిసరి చేశారు.

సర్క్యులరు వచ్చినప్పుడు స్టాఫ్ రూములో టీ తాగుతున్నాం. హెడ్మాస్టరు త్రినాథరావు గారు లేచి నిలబడ్డారు. ఆయన సర్క్యులర్లను ఎప్పుడూ నిలబడే చదువుతారు.

"ఉపాధ్యాయుల మానసికోల్లాసమే విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధికి పునాది అను సత్యమును దృష్టిలో ఉంచుకొని, జిల్లా యందు 'ఉల్లాస యాత్ర' పథకము అమలుపరచవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది. ప్రతి ఉన్నత పాఠశాల సిబ్బంది మోటారు సైకిళ్ళపై, ప్రధాన రహదారి కాని, ప్రకృతి రమణీయత గల దారిలో, తమకు ఇష్టమైన భోజనశాలకు సామూహికముగా వెళ్ళి, ఉల్లాసపడి, సదరు ఫోటోలను అదే దినము సాయంత్రము లోపల యాప్‌లో పెట్టవలెను."

"ఇది మన ట్రిప్పే కదండీ!" అన్నాడు వ్యాయామం మాస్టారు బుల్లిరాజు.

"మనదేనయ్యా. నువ్వు తీసిన వీడియోనే నమూనాగా జతచేశారు" అన్నారు హెడ్మాస్టరు. ఆయన నా వైపు చూడలేదు.

మేం ఏటా జీడితోటలు పూత మీదుండే రోజుల్లో ఒక ఆదివారం బండ్లు వేసుకుని రాళ్ళవాగు దగ్గర సూరమ్మ హోటలుకు వెళ్తాం. హైవే మీద వెళ్తే ఇట్టే చేరిపోవచ్చు. మేం కాలువ గట్టు ఎక్కి, తోటల్లో మట్టి బాట పట్టి, కొండ చుట్టూ తిరిగి వెళ్తాం. ఆ దారి సుగుణ పెట్టింది. "తొందరగా చేరిపోతే ఆకలెలా వేస్తుందండీ?" అనేది. సూరమ్మ పనసపొట్టు కూర ఆకలితో తినవలసిన వంట అని ఆమె అభిప్రాయం.

సుగుణ మా బడిలో జీవశాస్త్రం చెప్పేది. నా భార్య. పోయిన శ్రావణంలో చనిపోయింది. ఆ పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది. అదనపు బాధ్యతగా జీవశాస్త్రం నేను చెబుతున్నాను. నాది సాంఘికశాస్త్రం. నేను బోర్డు మీద గుండె బొమ్మ వేస్తే పిల్లలు అందులో ఆఫ్రికాను గుర్తుపడుతున్నారు.

ఆ వీడియో కిందటేడు తిరుగు ప్రయాణంలో తీసింది. బుల్లిరాజు, మా ఇంగ్లీషు మాస్టారు జకరయ్య నడిపే బండి వెనుక తిరగేసి కూర్చుని, ఫోను మా వైపు పట్టుకున్నాడు. చాలాసేపు దుమ్ము. ఆ తర్వాత కొండ మలుపు తిరుగుతూ నా బండి. వెనుక సీటులో సుగుణ, ముఖానికి చున్నీ కట్టుకుని, చెయ్యెత్తి ఊపుతూ ఉంటుంది. అది టీచర్ల గ్రూపులన్నీ తిరిగి ఏ అధికారి ఫోనులోకో చేరి, అక్కడ పథకంగా మారింది.

హెడ్మాస్టరు గొంతు సవరించుకుని మిగతాది చదివారు. "ఏ వాహనము నందును వెనుక సీటు ఖాళీగా ఉండరాదు. సీటు యొక్క సంపూర్ణ వినియోగమే ఉల్లాసమునకు కొలమానము. వెనుక ఆసీనులైనవారు జతపరచిన దృశ్యములోని ఉపాధ్యాయిని వలె చేయి ఊపవలెను."

బుల్లిరాజు ఖాళీ గ్లాసును మరోసారి తాగాడు.

"సోమేశ్వర్రావు మాస్టారూ, మీరు సెలవు పెడతారా?" హెడ్మాస్టరు మెల్లగా అడిగారు.

"ఉల్లాసానికి సెలవుందాండీ?"

ఆయన కాగితం వెనక్కి తిప్పి చూశారు. "ఉందండీ. ఉల్లాసానికి పనికిరారని సివిల్ సర్జను రాసివ్వాలి."

నిజానికి నేను వెళ్ళాలనే అనుకున్నాను. ఈ ఏడు కూడా ఆ దారినే వెళ్ళి, సూరమ్మ హోటల్లో భోంచేసి, ఆ దారినే రావాలి. ఆ వెనుక సీటులో మాత్రం ఎవరూ కూర్చోకూడదు. నేను కోరుకున్నది అంతే. పైకి మాత్రం అనలేదు. ఇలాంటి మాట అంటే విన్నవాళ్ళు ఏదో ఒకటి బదులు చెప్పవలసి వస్తుంది.

*

ఉల్లాసంలో శిక్షణ జిల్లా కేంద్రంలో జరిగింది. జిల్లా ఉల్లాస సమన్వయకర్త విశ్వంభరం గారు తెర మీద మా వీడియో వేశారు. సుగుణ చెయ్యి పైకి లేచిన చోట ఆపి, పొడవాటి కర్రతో చూపించారు.

"గమనించండి. ఈ ఊపును మనం మూడు దశలుగా విభజించుకున్నాం. ఆరంభం, ఉత్థానం, విరమణ. ఆరంభంలో మోచెయ్యి దేహానికి సమీపంలో ఉంటుంది. ఉత్థానంలో ఉల్లాసం పతాకస్థాయికి చేరుతుంది. ఆ చిరునవ్వు చూడండి!"

"మొహానికి చున్నీ ఉందండీ" అన్నాడు వెనుక నుంచి ఎవరో.

"చున్నీ వెనుక" అన్నారు విశ్వంభరం గారు.

ప్లాస్టిక్ కుర్చీలను జంటలు జంటలుగా ఒకదాని వెనుక ఒకటి వేయించారు. ముందు కుర్చీలవాళ్ళు లేని హ్యాండిళ్ళు పట్టుకున్నారు. వెనుక కుర్చీలవాళ్ళు చేతులు ఊపారు. నా వెనుక కుర్చీలో బుల్లిరాజు కూర్చున్నాడు. ఊపుతూనే ముందుకు వంగి నా చెవిలో గొణిగాడు.

"మాస్టారూ, ఆ రోజు మేడం గారు నన్ను తిట్టారండీ."

"తెలుసు బుల్లిరాజూ."

"తిరగేసి కూచున్నానని. తిన్నగా కూచో, పడతావ్ అని."

"నా చెవి పక్కనే కదా అరిచింది."

అరచెయ్యి కిందికి చేసి రెండుసార్లు గాలిని అదిమినట్టు ఊపేది సుగుణ. పదో తరగతి మొత్తాన్ని కూర్చోబెట్టే చెయ్యి అది. ఇప్పుడు ఆ హాలులో మా జిల్లా ఉపాధ్యాయులంతా అధికారుల పర్యవేక్షణలో ఒకరినొకరు తిన్నగా కూర్చోమంటున్నారు.

"చెప్పేద్దావాండీ?" అన్నాడు బుల్లిరాజు.

"వద్దులే. ఊపు."

విరామంలో విశ్వంభరం గారు మా దగ్గరికి వచ్చారు. "నమూనా పాఠశాల మీదేనటగా! ఆ మేడం గారెవరండీ? జిల్లా రిసోర్స్ పర్సనుగా వారి సేవలు వినియోగించుకోవాలని మా ఆకాంక్ష."

హెడ్మాస్టరు లేచి నిలబడ్డారు. "ఈయన మిసెస్సండీ..." అని, తర్వాతి మాట కోసం నా వైపు చూశారు.

"అభినందనలు మాస్టారూ! రేపటి సెషనుకు తీసుకురండి."

"రాలేరండీ" అన్నాను.

"ఆన్ డ్యూటీ ఇస్తాం."

"రాలేరండీ."

"ఇదే మన దౌర్భాగ్యం" అన్నారాయన చుట్టూ ఉన్నవాళ్ళతో. "ప్రతిభ ఉన్నవారు ముందుకు రారు."

*

ఎవరి వెనుక ఎవరు కూర్చోవాలన్న దగ్గర పథకం చిక్కుపడింది.

బండి లేనివాళ్ళు, నడపలేనివాళ్ళు, పక్క బడిలో మిగులు ఉపాధ్యాయులు, వీళ్ళందరినీ వెనుక సీట్లకు పంచాలి. జకరయ్య వెనుక కూర్చోవడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. అతని బండి గోతులను లెక్కచెయ్యదు. నా వెనుక సీటుకు మాత్రం గిరాకీ పుట్టింది. నేను నెమ్మదిగా నడుపుతాను. అంతకంటే ముఖ్యంగా, నా బండికి వెనుక ఆనుకోడానికి దిండు ఉంది. కిందటేడు సుగుణకు నిటారుగా కూర్చోవడం కష్టమయ్యాక, వెల్డింగు షాపులో ఇనప చువ్వలు వంపించి, రెగ్జీను దిండు కుట్టించి బిగించాను.

"హెడ్మాస్టరు గారు తనకు నచ్చినోళ్ళకి నచ్చిన సీటిస్తానంటే యూనియను చూస్తా ఊరుకోదు" అన్నాడు జకరయ్య. అతను మా మండలంలో ఉపాధ్యాయ సంఘం కార్యదర్శి కూడా. "సీనియారిటీ లిస్టెయ్యండి. ఖాళీలు చూపించండి. బదిలీలకెలా చేస్తారో ఇదీ అలాగే, కౌన్సెలింగు పెట్టాలంతే."

"నీ వెనక ఎవరూ కూచోరనే కదా నీ బాధ?" అన్నాడు బుల్లిరాజు.

"అది వ్యక్తిగతం. ఇది సిద్ధాంతం."

సిద్ధాంతం గెలిచింది. వెనుక సీట్లను కేటగిరీలుగా విభజించారు. సీటు పొడవుకు, షాకబ్జార్బర్ల స్థితికి, నడిపేవారి స్వభావానికి పాయింట్లు వేశారు. నడుము నొప్పి ఉన్నవారికి ప్రాధాన్యం ఇచ్చారు. వారం తిరిగేసరికి బడి మొత్తంలో ఒక్కరి నడుమూ సరిగ్గా లేదు. నా వెనుక సీటు మొదటి కేటగిరీలో మొదటి స్థానంలో నిలిచింది.

సీనియారిటీలో ముందున్నది పక్క బడి డ్రాయింగు మాస్టారు కామేశం గారు. భారీ మనిషి, మంచి మనిషి. కౌన్సెలింగుకు ముందే వచ్చి మా సైకిల్ షెడ్డులో నా బండి ఎక్కి కూర్చుని, దిండుకు వీపు ఆనించి కళ్ళు మూసుకున్నారు.

"అబ్బ! పడక్కుర్చీలా ఉందండీ మాస్టారూ. ఎవరి ఆలోచనండీ ఇది?"

"డాక్టరు గారిదండీ."

"మంచి డాక్టరు" అన్నారాయన కళ్ళు తెరవకుండానే.

ఆ సాయంత్రం ఆ దిండు విప్పేద్దామని స్పానరు తీసుకుని షెడ్డుకు వెళ్ళాను. ప్రకటించిన ఖాళీ స్వరూపాన్ని మార్చడం శిక్షార్హమని షెడ్డు గోడ మీద అప్పటికే నోటీసు అంటించి ఉంది. స్పానరు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను.

*

కౌన్సెలింగు మండల కార్యాలయంలో జరిగింది. విశ్వంభరం గారు స్వయంగా వచ్చారు. కంప్యూటరు ముందు ఒకమ్మాయి కూర్చుని వివరాలు ఎక్కిస్తోంది.

"మొదటి ఖాళీ. సోమేశ్వర్రావు గారి బండి, వెనుక సీటు" అందా అమ్మాయి. "కామేశం గారి ఆప్షను ఇదేనండీ. కన్ఫర్మ్ చెయ్యాలంటే ఖాళీ ఎలా ఏర్పడిందో కొట్టమంటోంది సార్. బదిలీయా, పదోన్నతా, పదవీ విరమణా?"

"ఏదో ఒకటి కొట్టమ్మా" అన్నారు విశ్వంభరం గారు.

"మాస్టారు చెప్పాలి సార్."

ఈ మాట కోసం నేను చాలా రోజులు వెతికాను. లేరు అనొచ్చు. వెళ్ళిపోయారు అనొచ్చు. ఆ కంప్యూటరులో అవేవీ లేవు.

"మరణం" అన్నాను.

ఆ అమ్మాయి వేళ్ళు ఆగాయి. విశ్వంభరం గారు తల ఎత్తారు.

"ఎవరు?"

"వీడియోలో మేడం గారేనండీ. మొన్న శ్రావణంలో..." అన్నారు హెడ్మాస్టరు.

విశ్వంభరం గారు కుర్చీలోంచి లేచారు. మళ్ళీ కూర్చున్నారు. ఆయన ముఖం ఒక్క క్షణం మనిషి ముఖంలా అయింది. ఆ ముఖంతో ఏం చెయ్యాలో తెలియక టేబులు మీదున్న నిబంధనల పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నారు.

"అలా అయితే..." అని పేజీలు తిప్పారు. "అలా అయితే ఇది సాధారణ ఖాళీ కాదు. ఉద్యోగి మరణం వల్ల ఏర్పడిన ఖాళీ. దీనికి కారుణ్య నియామకపు నిబంధన వర్తిస్తుంది. మరణించినవారి మీద ఆధారపడినవారికి మొదటి హక్కు. మాస్టారూ, ఆవిడ మీద ఆధారపడినవారు ఎవరెవరు?"

పిల్లలు లేరు. "నేనొక్కణ్ణేనండీ" అన్నాను.

"అయితే ఆ సీటుకు అర్హులు మీరే."

"ఆయన ముందు సీట్లో ఉన్నారండీ!" అన్నాడు జకరయ్య.

"వెనుక సీటు వేరే కేడరు."

"అభ్యంతరం! ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నోళ్ళకి కారుణ్యం వర్తించదు. రూలుంది."

"ముందు సీటును ఉద్యోగంగా పరిగణించాలా, సొంత ఆస్తిగా పరిగణించాలా అన్నది తేలాలి కదండీ" అన్నారు విశ్వంభరం గారు. ఆయన గొంతులోకి మళ్ళీ బలం వచ్చింది. "ఇది విధానపరమైన అంశం. నా స్థాయిలో తేలేది కాదు. స్పష్టత కోరుతూ కమిషనరేటుకు రాస్తాం."

కామేశం గారు లేచి నా దగ్గరికి వచ్చారు. ఆయన కుర్చీ కూడా కొంచెం దూరం ఆయనతో పాటు లేచింది.

"నాకు తెలీదండీ మాస్టారూ. తెలిస్తే ఎక్కి కూచునేవాణ్ణా? ఆ సీటు నాకొద్దండీ." అని అటు తిరిగి, "అమ్మాయ్, నా ఆప్షను తీసెయ్యమ్మా" అన్నారు.

"ఒకసారి ఇచ్చాక తియ్యడానికి రాదండీ."

"నేను కూచోనమ్మా."

"కూచోనంటే క్రమశిక్షణ చర్య అని వస్తోందండీ."

కామేశం గారు పెద్ద చేతులు రెండూ వేలాడేసుకుని నిలబడిపోయారు. ఇక ఆయన నా వెనుక కూర్చోక తప్పదనుకున్నాను. ఆయన ఇష్టం లేకుండా, నా ఇష్టం లేకుండా, నిబంధనల ప్రకారం.

"మాస్టారూ" అన్నారు విశ్వంభరం గారు నాతో. "మీరు హక్కు వదులుకుంటున్నట్టు రాసిస్తే సీటు వెంటనే కామేశం గారికి వెళ్తుంది. వదులుకోకపోతే దరఖాస్తు పెట్టుకోవాలి. స్పష్టత వచ్చేదాకా ఖాళీ బ్లాకులో ఉంటుంది. ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు."

"స్పష్టత ఎప్పుడొస్తుందండీ?"

హాలులో కొందరు నవ్వారు. విశ్వంభరం గారు కూడా నవ్వబోయి ఆగారు. "మా బావమరిదికి కారుణ్య నియామకం విషయంలో స్పష్టత కోరాం. ఆయనే రిటైరయ్యే వయసుకొచ్చాడు."

దరఖాస్తు పెట్టుకున్నాను. నా భార్య మరణించినందున, ఆమె వెనుక సీటులో నన్ను దయతో నియమించవలసిందని రాశాను. చేతిరాత బాగా వచ్చింది.

"మరి ఈ ఆదివారం సంగతి?" జకరయ్య వదల్లేదు. "సీటు ఖాళీగా ఉండరాదని సర్క్యులరు. బ్లాకులో ఉంటే ఖాళీ కాదా?"

"ఖాళీయే. కాబట్టి ఇన్‌ఛార్జిని వేస్తాం." విశ్వంభరం గారు ఆ అమ్మాయికి చెప్పి రాయించారు. "సదరు వెనుక సీటు యొక్క పూర్తి అదనపు బాధ్యతలను, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు, సదరు వాహన చోదకునికే అప్పగించడమైనది. ఇందుకుగాను ఎట్టి అదనపు భత్యము చెల్లించబడదు."

"విధులేమిటండీ?" అడిగాను.

"చెయ్యి ఊపడం."

"నడుపుతూనా?"

ఆయన ఆలోచించారు. "వీలును బట్టి" అన్నారు.

కామేశం గారికి హెడ్మాస్టరు బండి వచ్చింది. సీనియారిటీలో అందరికంటే చివర ఉన్న బుల్లిరాజుకు జకరయ్య వెనుక సీటే మిగిలింది. బయటికి వచ్చేటప్పుడు జకరయ్య నా పక్కకు చేరాడు.

"గట్టిగా అభ్యంతరం చెప్పకపోతే ఆళ్ళు పైకి రాయరు మాస్టారూ" అన్నాడు రోడ్డు వైపు చూస్తూ. "పైకి రాస్తే మరింక కిందికి రాదు."

*

ఆదివారం ముందు జీపు, దాని మీద ఫ్లెక్సీ, వెనుక మా బండ్లు. విశ్వంభరం గారు జీపులో కూర్చుని మైకులో దారి పొడుగునా ప్రకృతిని చూపిస్తూ వచ్చారు. "కుడి వైపున రమణీయత!" అనగానే కుడి వైపు చేతులు ఊపాలి. కాలువలో గేదెలు కడుగుతున్న ముసలాయన నడుము మీద చేతులు వేసుకుని చూశాడు.

"ఎలచ్చనులొచ్చేసినియ్యా బాబూ? మీ గుర్తేటి?"

జీడిపూత వాసన జీపు పొగను దాటుకుని కొంచెం కొంచెంగా వచ్చింది. నా వెనుక దిండు మీద ఎండ పడుతోంది. బండి తేలిగ్గా ఉంది. ఆ తేలిక నాకు గోతుల దగ్గర తెలిసింది. గొయ్యి వచ్చినప్పుడల్లా అలవాటు కొద్దీ ముందే వేగం తగ్గించాను.

సూరమ్మ హోటలంటే తాటాకు పాక, నాలుగు బల్లలు, వెనుక వాగు. విస్తళ్ళు వేసి వడ్డించాక ఎవరూ చెయ్యి పెట్టలేదు. మధ్యాహ్న భోజనాన్ని పిల్లలకంటే ముందు ప్రధానోపాధ్యాయుడు రుచి చూడాలన్న నిబంధన ఇక్కడికీ వచ్చింది. త్రినాథరావు గారు ఒక ముద్ద తిని, కళ్ళు మూసుకుని, కాసేపు బతికే ఉన్నారు.

"నేనేటి మందెట్టేసేననుకున్నారా? మింగండయ్యా, సల్లారిపోతాది!" అంది సూరమ్మ గరిటెతో.

నా విస్తరి దగ్గరికి వచ్చి ఆగింది. పక్కన ఖాళీగా ఉన్న చోటు చూసింది.

"అమ్మగారేరి బాబూ? పోనేడు ఆవాలు తక్కువేసేనని పేచీ పెట్టింది. ఈయేడు సరిపడా ఏసేను, తిని సెప్పమను."

నేను నోరు తెరిచేలోపల పక్క బల్ల నుంచి విశ్వంభరం గారు అందుకున్నారు. "ఆ స్థానం ఖాళీ అయిందమ్మా. ప్రస్తుతానికి మాస్టారే ఇన్‌ఛార్జి."

సూరమ్మకు ఇన్‌ఛార్జి అంటే ఏమిటో తెలుసో తెలియదో. నా ముఖం చూసింది. గరిటె కూరలో ముంచి నా విస్తట్లో వేసింది. మళ్ళీ ముంచి ఇంకోసారి వేసింది.

"అయితే ఆయమ్మ వంతూ నువ్వే తినాల" అంది. "ఆవాలు సరిపోయినియ్యో లేదో సెప్పాల."

తిన్నాను. సరిపోయాయని చెప్పాను.

తిరుగు ప్రయాణంలో జీపు హైవే మీదుగా వెళ్ళిపోయింది. విశ్వంభరం గారికి సాయంత్రం ఇంకో ఉల్లాసం ఉంది. కొండ మలుపు దగ్గరికి వచ్చేసరికి అందరూ చేతులు ఊపడం మానేసి మామూలుగా కూర్చున్నారు. యాప్‌లో పెట్టాల్సిన వీడియో ఇంకా తియ్యలేదని అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, ముందు వెళ్తున్న జకరయ్య బండి వెనుక బుల్లిరాజు గబగబా కాలు తిప్పి, తిరగేసి కూర్చుని, ఫోను నా వైపు పట్టుకున్నాడు. రోడ్డు పక్కన లోయ. జకరయ్య గోతులను లెక్కచెయ్యడం లేదు.

నేను వేగం తగ్గించాను. ఎడమ చెయ్యి హ్యాండిలు మీంచి తీసి పైకెత్తాను. అరచెయ్యి కిందికి చేసి, గాలిని అదిమినట్టు రెండుసార్లు ఊపాను.

బుల్లిరాజు ఫోను దించాడు. కాసేపు అలాగే నా వైపు చూశాడు. తర్వాత జకరయ్య భుజం పట్టుకుని, కాలు అటు తిప్పి, తిన్నగా కూర్చున్నాడు.

మా బడి పెట్టిన వీడియో అసంపూర్తిగా ఉందనీ, కీలకమైన మలుపు దగ్గర ఆగిపోయిందనీ, దానికి బాధ్యులెవరో తెలపాలనీ మెమో వచ్చింది. సంజాయిషీ నేనే రాసిచ్చాను. ఆ సమయంలో వెనుక సీటు విధుల్లో ఉన్నానని రాశాను.